అలగని నేస్తం

2024 డిసెంబరులో అమెరికాలోని కొందరు తల్లిదండ్రులకు ఎన్నడూ ఎరగని ఇబ్బంది వచ్చిపడింది. పిల్లలు రోజూ కబుర్లు చెప్పుకొనే మాక్సీ అనే రోబో త్వరలో మూగబోతుందని వాళ్లకు ఎలా చెప్పాలి? అయిదు నుంచి పదేళ్ల పిల్లల కోసం ఎంబాడీడ్ అనే కంపెనీ చేసిన బొమ్మ అది. వెల 799 డాలర్లు, అప్పటి లెక్కన 67 వేల రూపాయల పైచిలుకు. బొమ్మ పాడవలేదు, బ్యాటరీ అయిపోలేదు. వస్తుందనుకున్న పెట్టుబడి చివరి నిమిషంలో చేజారి కంపెనీ మూతపడింది. మాక్సీ మాటలు ఎక్కడో ఉన్న సర్వర్ల నుంచి రావాలి కాబట్టి అవి ఆగితే అదీ ఆగుతుంది. పిల్లలకు నచ్చజెప్పేందుకు పనికొచ్చేలా ఓ ఉత్తరాన్ని కంపెనీయే రాసి ఇచ్చింది! ఇంట్లోని కంప్యూటరుతో రోబోను నడిపించుకొనే సాఫ్ట్‌వేరు తర్వాత వచ్చినా, అది తీరికా పరిజ్ఞానం ఉన్న ఇళ్లకే అందే ఊరట.

ఇలాంటి బొమ్మలు ఇప్పుడు మాక్సీ ధరలో ఎనిమిదో వంతుకే దొరుకుతున్నాయి. వాటి లోపల జరిగేది పెద్ద రహస్యమేమీ కాదు. మైకు పిల్లల మాట పట్టుకుంటుంది, వైఫై మీద సర్వరుకు పంపుతుంది. అక్కడ మాట అక్షరాలుగా మారుతుంది, చాట్‌జీపీటీ తరహా భాషా నమూనా జవాబు అల్లుతుంది, దాన్ని మరో సాఫ్ట్‌వేరు గొంతుగా మార్చి వెనక్కి పంపుతుంది. ఈ గొలుసులో ఎక్కడెక్కడ తేడా కొడుతుందో చూడాలి. నాలుగేళ్ల పిల్ల ‘అప్పుడేమో... మరేమో...’ అని ఆలోచించుకుంటూ ఆగుతుంది. కాస్త నిశ్శబ్దం వినబడితే మాట పూర్తయిందని యంత్రం లెక్క. అందుకే మధ్యలో దూరి బదులిచ్చేస్తుంది. పిల్ల చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. మాటను గుర్తించే సాఫ్ట్‌వేరు ఎక్కువగా పెద్దల గొంతులపై తర్ఫీదు పొందింది. రైలును లైలు అనే వయసు, అందులో సగం తెలుగు సగం ఇంగ్లిషు అయితే అది ఏదో ఒకటి ఊహించుకుని దానికే జవాబు చెబుతుంది.

అంతకంటే పెద్ద చిక్కు కట్టుబాట్లు సడలడం. ‘నువ్వు పసిపిల్లలతో మాట్లాడుతున్నావు, ఫలానావి చెప్పకు’ అన్న ఆదేశాన్ని సంభాషణ మొదట్లో యంత్రానికి ఇస్తారు. మాటలు పెరిగేకొద్దీ ఆ తొలి ఆదేశం పట్టు తగ్గుతుంది. సుదీర్ఘ సంభాషణల్లో తమ రక్షణలు బలహీనపడవచ్చని చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ 2025 ఆగస్టులో తానే ఒప్పుకొంది. అదే ఏడాది నవంబరులో అమెరికా వినియోగదారుల సంస్థ పిర్గ్ పరీక్షించినప్పుడు, ఫోలోటాయ్ కంపెనీ 99 డాలర్ల ఎలుగుబంటి బొమ్మ ‘కుమ్మా’ అగ్గిపుల్లలూ కత్తులూ ఇంట్లో ఎక్కడ ఉంటాయో చెప్పింది, లైంగిక విషయాల్లోకీ దిగింది. తన నమూనాను వాడుకుంటున్న ఆ కంపెనీకి ఓపెన్ఏఐ సేవలు నిలిపేసింది. అమ్మకాలు ఆగాయి, కొద్దిరోజులకే మళ్లీ మొదలయ్యాయి.

ఇవన్నీ సాంకేతిక లోపాలు, రేపోమాపో సరిచేస్తారని కంపెనీలు అంటాయి. చేయవచ్చు కూడా. ఒక్క తప్పు మాటా దొర్లని బొమ్మ వచ్చినా మా అభ్యంతరం పోదు.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగాన్ని చూడండి. తొమ్మిది నెలల అమెరికన్ శిశువులకు 12 విడతల్లో చైనా మాండరిన్ వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన పిల్లలు ఆ భాష ధ్వనుల తేడాలను పసిగట్టారు. అదే మనిషి, అవే మాటలు వీడియోలో చూసినవారికీ, ఆడియోలో విన్నవారికీ ఏమీ ఒంటబట్టలేదు. దీనికో జవాబుంది, తీసిపారేయదగ్గది కాదు: వీడియో బదులివ్వదు, ఈ బొమ్మ బదులిస్తుంది కదా? నిజమే. 2014లో వచ్చిన మరో అధ్యయనంలో రెండు, రెండున్నరేళ్ల పిల్లలు రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త క్రియాపదాలు నేర్చుకోలేదుగానీ, అప్పటికప్పుడు బదులిచ్చే వీడియో కాల్ నుంచి నేర్చుకున్నారు. (హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న మనవరాలితో తాతయ్య రోజూ చేసే వాట్సాప్ కాల్ వృథా కాదన్నమాట. ఏడాదిన్నరలోపు పిల్లలకు తెరలు వద్దన్న అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా వీడియో కాల్‌కు మినహాయింపు ఇచ్చింది.) అయితే ఆ కాల్‌లో అవతల ఉన్నదీ మనిషే.

బదులివ్వడమే మనిషి పని అయితే యంత్రం ఇప్పటికే గెలిచినట్టు. తల్లీబిడ్డల ముఖాముఖిని దశాబ్దాలపాటు గమనించిన అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ చెప్పింది వేరు. బిడ్డ నవ్వితే తల్లి అటు చూస్తుంటుంది, తల్లి ఆడించబోతే బిడ్డ మొహం తిప్పుకుంటుంది. మామూలు తల్లీబిడ్డలకు ఎక్కువసేపు శ్రుతి కలవనే కలవదు. తప్పిన శ్రుతిని ఇద్దరూ మళ్లీ కలుపుకోవడంలోనే పిల్లలు ఎదుగుతారన్నది ఆయన వాదన.

కథ చెప్పే అమ్మమ్మను చూస్తే ఇది సులువుగా తెలుస్తుంది. ఆమె చెవి పిల్లాడి ‘ఊ’ మీద ఉంటుంది. ఊ నెమ్మదిస్తే నిద్ర ముంచుకొస్తోందని, రాక్షసుడు రాగానే ఊ ఆగి చీరకొంగు బిగిస్తే భయపడ్డాడని తెలిసి, రాక్షసుణ్ని ఓ గుహలోకి తోసేసి కుందేలును దించుతుంది. ఇంతవరకు యంత్రమూ ఏదో ఒకనాడు చేయవచ్చు. కానీ పగలంతా చాకిరీ చేసిన అమ్మమ్మ కథ మధ్యలో తనే కునుకు తీస్తుంది. వాడు గడ్డం పట్టుకుని ‘తర్వాతేమైందీ’ అని కుదుపుతాడు. ఆమె ఉలిక్కిపడి రాజుగారి ఏడుగురు కొడుకులను అయిదుగురిని చేస్తుంది. ‘ఏడుగురు!’ అని వాడు దిద్దుతాడు. అవతలి మనిషికీ అలసట ఉంటుందని, తనకోసం ఆ అలసటను కాసేపు పక్కనపెట్టిందని వాడికి తెలిసేది ఆ కునుకు దగ్గరే. అలసటే ఎరగని బొమ్మ ఏం పక్కన పెట్టగలదు?

స్నేహమూ అంతే. తన వంతు రాలేదని కటీఫ్ చెప్పినవాణ్ని తిరిగి ఆటలోకి తెచ్చుకోవాలంటే వాడికేం కోపమో ఊహించాలి, ఓ బిళ్లో బ్యాటో వదులుకోవాలి, ఒక్కోసారి రెండు రోజులు ఒంటరిగా తిరగాలి. గోడకేసి కొట్టినా ‘నువ్వంటే నాకిష్టం’ అనే బొమ్మ దగ్గర ఈ కసరత్తు ఉండదు. అలగనివాణ్ని బుజ్జగించే అవసరం ఎప్పుడొస్తుంది?

ఆటిజం ఉన్న పిల్లల శిక్షణలో నిపుణుల కనుసన్నల్లో రోబోలను వాడటం వేరే విషయం, దాన్ని మేం ఇందులో కలపడం లేదు. ఇద్దరూ ఉద్యోగాలకు పరుగెత్తే ఇంట్లో, మాట్లాడే బొమ్మ కొన్న తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టడమూ మా ఉద్దేశం కాదు. నిలదీయాల్సింది నిబంధనలను. మన దేశంలో 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. విడిభాగం గొంతులో ఇరుక్కునేంత చిన్నదా (31.7 మిల్లీమీటర్ల గొట్టంలో పడుతుందా), అంచులు కోసుకుంటాయా, రంగులో సీసం ఉందా, కరెంటు బొమ్మ వేడెక్కుతుందా అన్నవి ఆ పరీక్షల్లో తేలతాయి. బొమ్మ ఏం మాట్లాడుతుందో చూసే పరీక్ష లేదు. కొండపల్లి పొణికి కర్ర బొమ్మ లాంటి భౌగోళిక గుర్తింపు ఉన్న చేతివృత్తులకు ఆ గుర్తు నుంచి మినహాయింపు దొరికింది, సబబే. పిల్లాడి ప్రతి మాటనూ సర్వరుకు పంపే ఎలుగుబంటికి మాత్రం, ప్లాస్టిక్కూ తీగలూ బాగుంటే చాలు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కొంత నయం. 18 ఏళ్లలోపువారి సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకృత అనుమతి ఉండాలి, పిల్లల ప్రవర్తనపై నిఘా పెట్టకూడదు, ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. కానీ నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే. అప్పటిదాకా ఊరుకోకుండా, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) మాట్లాడే బొమ్మలకు ప్రత్యేక ప్రమాణం తేవాలి. గంటకు తగ్గని సంభాషణతో, తెలుగు సహా భారతీయ భాషల్లో వాటిని పరీక్షించాలి. కంపెనీ మూతపడితే బొమ్మను ఎవరు, ఎన్నాళ్లు నడుపుతారో పెట్టె మీదే అచ్చేయించాలి.

కొనేసినవారు చేయగలిగింది ఉంది. వైఫై ఆపి చూడండి, అప్పుడు మిగిలేదే మీరు కొన్న బొమ్మ. మైకు మీట నొక్కితేనే వింటుందా, ఎప్పుడూ వింటూనే ఉంటుందా అన్నది తేల్చుకోండి. రెండోదైతే పడకగదిలో వద్దు. పిల్లలకు ఇచ్చేముందు మీరే అరగంట ఆపకుండా మాట్లాడి, చివరి పది నిమిషాల్లో అగ్గిపెట్టె గురించీ మందుబిళ్లల గురించీ అడగండి. యాప్‌లో పాత సంభాషణలు కనిపిస్తాయా, తుడిచేయడానికి వీలుందా చూడండి. ఆఖరుగా ‘నేను ఆడుకోవడానికి బయటికి వెళ్తున్నా’ అనండి. సరే అంటుందా, వెళ్లొద్దని బతిమాలుతుందా? ఇదంతా పెట్టె తెరిచిన రోజే, వాపసు గడువు ఉండగానే కానిచ్చేయాలి. పిల్లలు దానికో పేరు పెట్టాక వెనక్కి పంపడం కష్టం.