అర సెకను ఆలస్యం

2024 మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఒక డేటాబేస్ పనితీరును కొలుస్తుండగా, డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే యంత్రంలోకి, దూరం నుంచి ప్రవేశించడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ కావడానికి మామూలు కన్నా దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. మరొకరైతే ఆ మాత్రం ఆలస్యాన్ని పట్టించుకునేవారు కారు. ఆయన మాత్రం కారణాన్ని తవ్వుకుంటూ పోయి ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్) దగ్గర ఆగారు. ఫైళ్లను కుదించడానికి వాడే ఆ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో, పరీక్షల కోసం ఉంచినట్టు కనిపించే ఫైళ్ల లోపల ఎవరో దొడ్డిదారి దాచారు. దాని తాళంచెవి ఉన్నవారికి సర్వర్ మొత్తం చేతికి వస్తుంది. మార్చి 29న ఆయన ఈ సంగతి బయటపెట్టేనాటికి ఆ వెర్షన్లు ప్రధానంగా పరీక్ష దశలోని లినక్స్ డిస్ట్రిబ్యూషన్లకే చేరాయి గనుక పెద్ద గండం తప్పింది.

ఈ పని చేసిన ఖాతా పేరు జియా టాన్. 2021 నుంచి చిన్న చిన్న సవరణలు పంపుతూ, జీతం లేకుండా ఒంటరిగా ఆ లైబ్రరీని చూసుకుంటున్న వ్యక్తి అలసటను ఆసరా చేసుకుని, క్రమంగా నిర్వహణ బాధ్యతనే ఆ ఖాతా సంపాదించింది. మరికొన్ని పేర్లతో వచ్చిన సందేశాలు ఆ నిర్వాహకుడిపై ఒత్తిడి తెచ్చాయి. ఆ పేరు వెనుక ఏ ప్రభుత్వమైనా ఉందన్నది నేటికీ రుజువు కాలేదు. అయితే రెండేళ్లకు పైగా సాగిన ఆ ఓపికను చూసి, ఇది ఏదో దేశపు నిఘా సంస్థ పనేనని భద్రతా నిపుణులు చాలామంది అనుమానించారు. ఆ అనుమానం సహేతుకమేనని మేమూ భావిస్తున్నాం.

ఓపెన్ సోర్స్‌లో కోడ్ అందరికీ తెరిచి ఉండటం ఒకటి, దాన్ని ఎవరైనా కూర్చుని చదవడం మరొకటి. 2003 నవంబరులో లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ కోడ్ నకలు ఒకదానిలో ఎవరో రెండు వరుసలు చేర్చారు. పోల్చి చూడటానికి రెండు సమాన చిహ్నాలు ఉండవలసిన చోట ఒక్కటే పెట్టారు. పైకి పరీక్షలా కనిపించే ఆ వరుస, నిజానికి పిలిచిన ప్రోగ్రాముకు యంత్రంపై సర్వాధికారాలూ కట్టబెడుతుంది. అసలు భాండాగారంలో ఆ మార్పుకు ఆధారం లేకపోవడంతో అది వెంటనే పట్టుబడింది. చేసిందెవరో మాత్రం తేలలేదు.

నిఘా సంస్థలు ఓపెన్ సోర్స్‌కు కీడు మాత్రమే చేశాయనడం అన్యాయం. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2000 డిసెంబరులో విడుదల చేసిన ఎస్‌ఇలినక్స్ అనే భద్రతా వ్యవస్థ నేడు ఆండ్రాయిడ్ ఫోన్లకు కాపలా కాస్తోంది. బయటివారు దాని ప్రతి వరుసనూ చదవగలిగారు గనుకనే అది నిలిచింది. అదే సంస్థ రూపొందించిన స్పెక్ అనే గూఢలిపిని 2018లో కెర్నల్‌లో చేర్చి, అభ్యంతరాలు రావడంతో ఆ ఏడాదే తొలగించారు. ఎన్‌ఎస్‌ఏ ప్రోద్బలంతో 2006లో అమెరికా ప్రమాణాల్లోకి ఎక్కిన డ్యుయల్ ఈసీ అనే యాదృచ్ఛిక సంఖ్యల పద్ధతిలో దొడ్డిదారికి వీలుందని పరిశోధకులు మరుసటి ఏడాదే చూపారు. 2013లో ఎన్‌ఎస్‌ఏ రహస్యాలను వెల్లడించిన స్నోడెన్ పత్రాలు బయటికి వచ్చాక, 2014లో గానీ దాన్ని ఉపసంహరించలేదు. అలా పోయిన నమ్మకం ఒక గూఢలిపి గణితం ఎంత చక్కగా ఉన్నా తిరిగి రాదు.

అంతకన్నా పెద్ద నేరం, కనిపెట్టిన లోపాన్ని చెప్పకుండా దాచిపెట్టడం. విండోస్‌లోని లోపాన్ని వాడుకునే ఎటర్నల్‌బ్లూ అనే పనిముట్టు ఎన్‌ఎస్‌ఏ నుంచి జారిపోయి 2017 ఏప్రిల్‌లో బహిరంగమైంది. మే నెలలో అదే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై రూపంలో ప్రపంచాన్ని చుట్టింది. బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మూసి ఉన్న సాఫ్ట్‌వేర్‌లో ఇలా జరిగితే, తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్ లోపాలను ఏ దేశపు సంస్థ ఎన్ని దాచుకుందో ఎవరు చెప్పగలరు?

ఇది మన ఇంటి సమస్య కూడా. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ రూపొందించిన బాస్ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ మీద, రక్షణ శాఖ కోసం తయారైన మాయా ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు అనే మరో లినక్స్ మీద నిలిచాయి. అక్కడ పడిన కన్నం ఇక్కడా పడినట్టే. లోపం దొరికితే దాచుకోవాలా, తయారీదారులకు చెప్పాలా అన్నది నిర్ణయించే నియమావళిని అమెరికా 2017లో, బ్రిటన్ 2018లో ప్రకటించాయి. అవి లోపరహితమైనవి కావు, కానీ ప్రజలు నిలదీయడానికి రాతపూర్వకంగా ఒకటంటూ ఉంది. మన ఇంటెలిజెన్స్ బ్యూరో, రా సంస్థలు పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడినవి కావు గనుక, మనకు ఆ అవసరం మరింత ఎక్కువ. ఓపెన్ సోర్స్‌లో లోపం కనబడితే నిర్ణీత గడువులోగా దాని రచయితలకు తెలియజేయాలని, మినహాయింపులు పార్లమెంటరీ సంఘం ఎదుటకు రావాలని కేంద్రం చట్టం చేయాలి.

ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కే ప్రాధాన్యం ఇవ్వాలన్న విధానాన్ని కేంద్రం 2015లోనే ప్రకటించింది. ఉచితంగా దొరుకుతుందని వాడుకోవడమే తప్ప, రాసేవారి బాగోగులు చూడాలన్న ఆలోచన అందులో లోపించింది. జర్మనీ 2022లో ఇందుకోసమే ప్రత్యేక నిధి పెట్టింది. బాస్, మాయా వాడుకుంటున్న ప్రతి లైబ్రరీ వెనుక ఎంతమంది ఉన్నారో లెక్క తీసి, ఒక్కరే ఉన్న చోట జీతమిచ్చి రెండో మనిషిని నిలబెట్టే పని వచ్చే బడ్జెట్‌లోనే మొదలు కావాలి.