చిన్న పెళ్లిలో మిగిలే సమయం

అతిథుల సంఖ్యను పదికో పదిహేనుకో కుదించుకున్న జంటలైనా, ఇద్దరమే వెళ్లి పెళ్లి చేసుకుందామనుకున్న జంటలైనా, మొదట చూసుకునేది ఎంత ఖర్చు తగ్గుతుందన్నది. ఎంత సమయం మిగులుతుందన్నది చాలామందికి తట్టదు. పెద్ద పెళ్లిలో వధూవరుల రోజును నడిపించేది అతిథులే; పలకరింపులు, వరుస ఫొటోలు, వీడ్కోళ్లతోనే పొద్దు గడిచిపోతుంది. వాటిని తీసేస్తే ప్రమాణాలకూ సంతకాలకూ అరగంట చాలు. ఆ తర్వాత సాయంత్రం దాకా ఏం చేయాలో ముందుగా అనుకోకపోవడం వల్ల, ఆ ఖాళీ అంతా ఫొటోగ్రాఫర్ చేతిలోకి వెళ్లిపోతుంది. చిన్న పెళ్లి విలువ అక్కడే కరిగిపోతోందని నా అభిప్రాయం.

ఒకప్పుడు ఈ ప్రశ్నకే తావు లేదు. 1753లో బ్రిటన్‌లో వచ్చిన హార్డ్‌విక్ వివాహ చట్టంతో, 21 ఏళ్లు నిండనివారు పెద్దల ఇష్టానికి విరుద్ధంగా పెళ్లాడటం ఇంగ్లండ్, వేల్స్‌లలో చాలా కష్టమైంది. స్కాట్లండ్‌కు ఆ చట్టం వర్తించదు గనుక జంటలు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్ గ్రామానికి పరుగెత్తి, అక్కడ సాక్షుల ఎదుట గబగబా ఒక్కటయ్యేవి. పెళ్లికి ముందు ఇద్దరిలో ఒకరైనా 21 రోజులు స్కాట్లండ్‌లో ఉండి తీరాలని 1856లో షరతు పెట్టేదాకా ఆ పరుగు సాగింది. ఈనాటికీ భయంతో ఊరు విడవాల్సి వస్తున్నవారికి ముందు కావలసింది భద్రతే. వారి సంగతి వేరు. ఇష్టపడి చిన్న పెళ్లిని ఎంచుకున్నవారికి మాత్రం అంత తొందర అక్కర్లేదు.

అదే 1753 చట్టం నుంచి మినహాయింపు పొందిన క్వేకర్లు అనే క్రైస్తవ వర్గంవారి పద్ధతిలో నేర్చుకోదగినది ఒకటుంది. వారి సంప్రదాయ వివాహంలో తంతు జరిపించే మతాధికారి ఉండరు. అందరూ మౌనంగా కూర్చున్నచోట ఆ ఇద్దరే లేచి ఒకరికొకరు మాట ఇచ్చుకుంటారు. ఆపై అక్కడున్న ప్రతి ఒక్కరూ వివాహ పత్రంపై సంతకం చేస్తారు. వచ్చినవారిని ప్రేక్షకులుగా కాక బాధ్యులుగా చూసే పద్ధతి ఇది. పదిమందే ఉన్నచోట ఎవరూ వెనక వరుసలో దాక్కోలేరు. ఖాళీగా నిలబడ్డ మనిషి ఇబ్బంది అందరికీ కనిపిస్తుంది. అందుకే ప్రతి ఒక్కరికీ చేతికి ఒక పని ఉండాలి. ఒకరు పూలు కడుతుంటే, మరొకరు కూరగాయలు తరుగుతుంటే, కొత్త పెళ్లికొడుకు చొక్కా చేతులు పైకి మడిచి పొయ్యి దగ్గర నిలబడితే, మాటలు వాటంతటవే పుడతాయి. హోటల్లో బల్ల బుక్ చేసుకుని వడ్డన కోసం ఎదురుచూసే గంటలో అవి పుట్టవు.

జంట విడిగా గడిపే వేళకు నా కొలబద్ద ఒక్కటే: ఎంచుకున్న పని వారి జీవితంలో ఇప్పటికే ఉన్నదై ఉండాలి. నడక అంటే ఇష్టమున్నవారు తెల్లవారుజామున కొండ ఎక్కితే దానికి అర్థముంటుంది. ఎన్నడూ నడవనివారు ఆ రోజే ఎక్కితే మిగిలేది అలసట. వెంట వచ్చే పెద్దల మోకాళ్ల సంగతీ చూసుకోవాలి. మొక్క నాటడం మంచిదే గానీ, మళ్లీ అడుగుపెట్టని చోట నాటితే దానికి నీళ్లు పోసేదెవరు? వెలిగించిన కాగితపు లాంతర్లను గాలిలోకి వదలడమైతే అసలే వద్దు, అవి ఎక్కడ పడి నిప్పు అంటిస్తాయో ఎవరికీ తెలియదు. ప్రమాణాలను ఎవరికి వారు కాగితంపై రాసుకుని చదవడం నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. కొట్టివేతలు, తడబాటుకు వంకరపోయిన అక్షరాలు, చెమటకు కాస్త చెదిరిన సిరా ఆ కాగితంలోనే ఉంటాయి. ఫోన్ తెరపై చదివిన మాటకు అవేవీ ఉండవు. ఇలాంటివి రోజుకు రెండో మూడో చాలు. గంటగంటకూ ఒక కార్యక్రమం పెట్టుకుంటే అది మళ్లీ పెద్ద పెళ్లే అవుతుంది.

పిలవనివారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ప్రమాణాల వేళ వీడియో కాల్ పెట్టడం చాలామందికి తోచే పరిష్కారమే గానీ, అప్పుడు జంట చూపు ఒకరిపై ఒకరికి కాక ఫోన్‌పైకి పోతుంది. అంతకన్నా, ముందే విషయం తెలిపి తల్లిదండ్రులనూ స్నేహితులనూ ఒక్కో ఉత్తరం రాసిమ్మని అడగడం మేలు. సాయంత్రం వాటిని విప్పి చదువుకోవడానికి గంటైనా కేటాయించాలి. కొన్ని ఉత్తరాల్లో అలక ఉంటుంది, ఉండనివ్వాలి. వాటికి జవాబు మరుసటి వారంలో ఆ ఇంటికి వెళ్లి చెప్పాలి.