నైట్రిక్ ఆక్సైడ్ పెంచితే కిడ్నీ రిజెక్షన్ ఆగదు

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల ఫోన్లలో ఒక సందేశం బాగా తిరుగుతోంది. నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలను వదులు చేస్తుందట, దానికి నోబెల్ కూడా వచ్చిందట. అందుకని దాన్ని పెంచే బీట్‌రూట్ జ్యూస్, ఆర్జినిన్ (ఒక అమైనో ఆమ్లం) పొడి రోజూ తీసుకుంటే కొత్త కిడ్నీ రిజెక్ట్ కాదని, అంటే శరీరం దాన్ని తిరస్కరించదని, రిజెక్షన్ ఆపే మందులు మెల్లగా తగ్గించుకోవచ్చని, రిజెక్షన్ వస్తోందో లేదో రక్తంలో నైట్రిక్ ఆక్సైడ్ చూసి చెప్పేయొచ్చని అందులో ఉంది.

నోబెల్ మాట నిజమే. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు ఇచ్చారు. అయితే అది గుండె, రక్తనాళాల్లో ఈ వాయువు సంకేతంగా పనిచేస్తుందని కనుక్కున్నందుకు. అవయవ మార్పిడి గురించి కాదు.

అసలు తప్పు, నైట్రిక్ ఆక్సైడ్ ఎంత పెరిగితే అంత మేలు అనుకోవడంలో ఉంది. రక్తనాళాల లోపలి పొరలోని ఎంజైమ్ దీన్ని కొద్దికొద్దిగా తయారుచేస్తుంది. నాళాలను వదులుగా ఉంచేది ఇదే. రిజెక్షన్ మొదలై మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు కిడ్నీలోకి చేరితే మాత్రం ఐనాస్ అనే మరో ఎంజైమ్ రంగంలోకి దిగి, అదే వాయువును చాలా ఎక్కువ మోతాదులో విడుదల చేస్తుంది. అది సూపర్‌ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపంతో కలిసి పెరాక్సినైట్రైట్ అనే హానికర పదార్థంగా మారి ప్రొటీన్లను పాడుచేస్తుంది. దీర్ఘకాలిక రిజెక్షన్‌లో దెబ్బతిన్న మనుషుల కిడ్నీల్లో ఈ ఆనవాళ్లను 1996లోనే చూపించారు. ఎలుకల్లో ఐనాస్‌ను అడ్డుకుంటే మార్పిడి చేసిన గుండె ఎక్కువ రోజులు నిలిచింది. ఎలుకల కిడ్నీ మార్పిడిలోనే ఆర్జినిన్ మేలు చేసిన ప్రయోగం కూడా ఉంది. ఇలా రెండు వైపులా ఫలితాలున్న పదార్థాన్ని పొడి రూపంలో అందరూ తాగేయమనడం నాకు చాలా భయం కలిగిస్తోంది.

రిజెక్షన్‌కు మూలం రక్తప్రసరణ కాదు. దాత కణాల మీద ఉండే, మనిషికో రకంగా ఉండే హెచ్‌ఎల్‌ఏ అనే ప్రొటీన్ గుర్తులు పరాయివని మన టి కణాలు (ఒక రకం రోగనిరోధక తెల్ల రక్తకణాలు) పసిగట్టడం. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే చేసిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి నిలబడింది కూడా, ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఒకేలాంటి కవలలు కాబట్టే. కవలలు కాని మనకు ఆ టి కణాలను అదుపులో పెట్టేది టాక్రోలిమస్ లాంటి మందు. ఆ పని బీట్‌రూట్ చేయలేదు. టాక్రోలిమస్ కిడ్నీ రక్తనాళాలను బిగుతు చేస్తుంది, బీపీ పెంచుతుంది, నిజమే. దానికి డోసు సరిచేస్తారు, బీపీ మందు ఇస్తారు. పైగా టాక్రోలిమస్ వల్ల పొటాషియం కూడా పెరగొచ్చు. బీట్‌రూట్‌లో పొటాషియం, కిడ్నీలో రాళ్లకు దారితీసే ఆక్సలేట్ రెండూ ఎక్కువే.

ఇక ఆ రక్తపరీక్ష సంగతి. నైట్రిక్ ఆక్సైడ్ రక్తంలో సెకన్లు కూడా నిలవదు, అందుకే ల్యాబులో కొలిచేది నైట్రేట్, నైట్రైట్‌లను. నిన్న తిన్న పాలకూరతోనూ అవి పెరుగుతాయి, ఏ కారణంతో కిడ్నీ పనితీరు తగ్గినా పెరుగుతాయి. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగితే, దాతకు వ్యతిరేకంగా యాంటీబాడీలు కనిపిస్తే డాక్టర్లు రిజెక్షన్‌ను అనుమానిస్తారు, కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీతో తేలుస్తారు.

ఖర్చు వల్లో, టాక్రోలిమస్‌తో చేతులు వణకడం వల్లో మందు తగ్గించాలనిపిస్తే ఆ మాటే మీ నెఫ్రాలజిస్టుకు చెప్పండి. రక్తంలో టాక్రోలిమస్ స్థాయి చూసి డోసు మార్చాల్సింది ఆయనే.