తెల్లవారుజాము కలను పిల్లల నుంచి లాక్కోకండి

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు మా అక్క కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరం. మూడు రోజులు డాబా మీదే ఉన్నారు, కరెంటు లేదు, డ్రోన్లు దించిన పొట్లాలే తిండి. నీళ్లు తీసేసి నెల దాటినా వాడు మంచం దిగేముందు బొటనవేలితో నేల తడిమి చూసేవాడు. కలలో నీళ్లు మంచం పట్టె దాకా వచ్చేవట, చప్పుడు మాత్రం ఉండేది కాదట. ‘పీడకలలే, హనుమాన్ చాలీసా చదువుకుని పడుకో’ అన్నాం. నేనూ అన్నాను. తప్పు చేశాను. కూర్చోబెట్టుకుని ఆ కల మొత్తం చెప్పించుకోవాల్సింది.

కష్టకాలంలో కల ముదురుతుంది. 2020 లాక్‌డౌన్‌లో చాలా దేశాల పరిశోధకులు ఇది గమనించారు. హార్వర్డ్‌లో మనస్తత్వవేత్త డెయిర్డ్రా బారెట్ సేకరించిన కలల్లో పురుగుల దండు మీదపడటం మళ్లీ మళ్లీ కనిపించింది. కంటికి కనపడని వైరస్‌కు మనసు ఒక ఆకారం ఇచ్చుకుందన్నమాట. భయం ఒక్కటే కారణం కాదు. కాలేజీ బస్సు లేదు, ఆన్‌లైన్ క్లాసుకు అయిదు నిమిషాల ముందు లేస్తే చాలు. పిల్లలు చాలా కాలానికి కంటినిండా నిద్రపోయారు.

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని అమ్మమ్మలు అనేవారు. నిజమవడం మాటెలా ఉన్నా, కలలు చిక్కబడేది ఆ వేళలోనే. కలలు ఎక్కువగా వచ్చే ‘రెమ్’ నిద్ర మొదటి జాములో పది నిమిషాలు ఉంటే, చివరి జాములో చాలాసేపు సాగుతుంది. భయాన్ని మనసు అరగదీసుకునేది అప్పుడేనని చాలామంది పరిశోధకుల మాట. పైగా ఈడొచ్చే పిల్లలకు నిద్ర సహజంగానే ఆలస్యంగా పడుతుంది, ఎనిమిది నుంచి పది గంటలు కావాలి.

మరి విజయవాడ, గుంటూరు చుట్టూ ఉన్న హాస్టళ్లలో ఏం జరుగుతోంది? రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్, నాలుగున్నరకు బెల్లు. కోసేస్తున్నది సరిగ్గా ఆ చివరి జామునే. మావాడిప్పుడు నీట్ లాంగ్ టర్మ్‌లో ఉన్నాడు. ‘కలలు రావట్లేదు మామయ్యా’ అన్నాడు ఫోన్‌లో. పీడకలలు పోయాయని మా అక్క సంబరపడింది. నాకు మాత్రం గుండె కలుక్కుమంది.

లక్షల మందితో పోటీ, అప్పు చేసి కట్టిన ఫీజు, రెండేళ్లు కష్టపడితే జీవితమంతా సుఖం అంటారు తల్లిదండ్రులు. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. కానీ చదివింది బుర్రలో నిలిచేది కూడా నిద్రలోనే కదా! నిద్ర తెగ్గోసి ర్యాంకు కొనలేం.

ఆదివారం క్యారేజీ పట్టుకుని వెళ్లినప్పుడు వీక్లీ టెస్ట్ మార్కుల కంటే ముందు, రాత్రి ఏం కలొచ్చిందని అడగండి. ఇంటర్ బోర్డు ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి: ఉదయం ఆరు కాకుండా ఏ హాస్టల్లోనూ బెల్లు మోగకూడదు.