పాయింట్ల పట్టిక చూపించి జట్టును మూసేస్తారా?

నాలుగు ప్రాంతీయ జట్లను మూడుకు తగ్గిస్తామని వేల్స్ రగ్బీ యూనియన్ 2025 అక్టోబరులో ప్రకటించినప్పటి నుంచీ అందరి చేతుల్లోనూ పాయింట్ల పట్టికే ఉంది. ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఓడారు, ఎవరు అట్టడుగున ఉన్నారు అన్నదే చర్చ. ఓడే జట్టు మీద డబ్బు తగలేయడం ఎందుకు అన్నదే వాదన. ఈ వాదన ఎంత తప్పో తెలుసుకోవడానికి ఐరిష్ సముద్రానికి అవతల ఐర్లండ్‌లో ఉన్న కానాట్ జట్టు చాలు. ఆ జట్టు ఇరవై ఏళ్ల ఫలితాలను వరసపెట్టి చదివితే ఒక సంగతి స్పష్టంగా తేలుతుంది. పైవాళ్లు ముందు నిర్ణయం తీసుకుంటారు, ఓటములు దాని వెనకే వస్తాయి. ఆ తర్వాత ఆ ఓటములనే సాక్ష్యంగా చూపిస్తారు.

ఐర్లండ్‌లోని నాలుగు ప్రావిన్సులకూ నాలుగు ప్రొఫెషనల్ జట్లున్నాయి. పశ్చిమ తీరంలోని కానాట్ వాటిలో చిన్నది. 2016 లెక్కల ప్రకారం ఐదు కౌంటీలు కలిపి జనాభా ఐదున్నర లక్షలు. అక్కడ ఐర్లండ్ సంప్రదాయ ఆటలైన గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ తర్వాతే రగ్బీ. 2003లో ఖర్చు తగ్గించుకునే పనిలో ఉన్న ఐరిష్ రగ్బీ యూనియన్ ఈ జట్టును రద్దు చేయాలనుకుంది. దాదాపు 2,000 మంది డబ్లిన్ వచ్చి ఊరేగింపు తీశారు. యూనియన్ వెనక్కి తగ్గింది. జట్టయితే బతికింది గానీ, 'డెవలప్‌మెంట్' జట్టు అన్న ముద్రతో, మిగతా మూడింటి కంటే బాగా తక్కువ బడ్జెట్‌తో బతికింది.

ఆ ముద్ర మైదానంలో ఎలా పనిచేస్తుందో 2011 చూపించింది. డబ్లిన్ కేంద్రంగా ఆడే లెన్‌స్టర్ యూరప్ విజేత కావడంతో ఐర్లండ్‌కు అదనంగా ఒక బెర్త్ దొరికి, కానాట్ తొలిసారి యూరప్ అగ్రశ్రేణి క్లబ్ టోర్నీ హైనెకెన్ కప్‌లో అడుగుపెట్టిన ఏడాది అది. జట్టును బలంగా కట్టుకోవాల్సిన సమయంలో షాన్ క్రోనిన్, జేమీ హేగన్, ఫియన్ కార్ లెన్‌స్టర్‌కు వెళ్లిపోయారు. ఇయన్ కీట్లీ లిమెరిక్‌లో ఆడే మరో ప్రావిన్సు జట్టు మన్‌స్టర్‌కు వెళ్లిపోయాడు. నలుగురూ కానాట్‌లో పేరు తెచ్చుకున్నవాళ్లే. వాళ్లను తప్పుపట్టలేం. జాతీయ జట్టులోకి దారి డబ్లిన్, లిమెరిక్‌ల మీదుగానే ఉందని నమ్మే వ్యవస్థలో ఏ ఆటగాడైనా అదే చేస్తాడు. ఆ సీజన్‌లో కానాట్ వరసగా 14 మ్యాచ్‌లు ఓడింది. పట్టిక చూసిన వాళ్లకు కనిపించింది ఆ 14 మాత్రమే. అంతకు ముందు వేసవిలో ఎవరెవరు వెళ్లిపోయారో చెప్పే గడి పట్టికలో లేదు కదా!

ఆ వరసకు తెర పడింది 2012 జనవరిలో. అప్పటికి ఇంగ్లండ్ లీగ్‌లో అగ్రస్థానంలో ఉన్న హార్లెక్విన్స్ కానాట్ సొంత ఊరు గాల్వేకు వచ్చింది. చుట్టూ గ్రేహౌండ్ కుక్కల పందేల ట్రాక్ ఉండే స్పోర్ట్స్‌గ్రౌండ్‌లో కానాట్ 9-8తో గెలిచింది. ఒక్క పాయింటు. అదే హార్లెక్విన్స్ ఆ సీజన్ చివర్లో ఇంగ్లండ్ విజేత అయింది. మరుసటి ఏడాది ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఇటలీ జట్లు కలిసి ఆడే లీగ్‌లో కానాట్‌ది ఎనిమిదో స్థానం. ప్యాట్ లామ్ కోచ్‌గా వచ్చిన తొలి సీజన్ 2013-14లో పదో స్థానం. పట్టిక ప్రకారం ఇది వెనకడుగే. కానీ ఆ పదో స్థానపు జట్టే 2013 డిసెంబరులో నాలుగుసార్లు యూరప్ విజేత టూలూజ్‌ను దాని సొంత మైదానంలో 16-14తో ఓడించింది. ఆ తర్వాత ఏడో స్థానం. ఆ పైన 2015-16.

ఆ సీజన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. 1986 తర్వాత తొలిసారి మన్‌స్టర్‌ను లిమెరిక్‌లో ఓడించారు. లీగ్ దశ ముగిసేసరికి లెన్‌స్టర్‌తో సమానంగా 73 పాయింట్లు. సెమీఫైనల్లో, అప్పటి ఛాంపియన్ గ్లాస్గోపై 16-11 గెలుపు. 2016 మే 28న ఎడిన్‌బరోలో జరిగిన ఫైనల్లో లెన్‌స్టర్‌పై 20-10. ఆ రోజు ట్రైలు చేసిన వాళ్లను, అంటే బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనించి పాయింట్లు తెచ్చినవాళ్లను చూడండి. కుడి అంచున బంతిని డిఫెండర్ల తల మీదుగా తన్ని, తానే పరుగెత్తి అందుకుని ట్రై చేసిన నియీ అడియోలోకున్‌ను కానాట్ డబ్లిన్‌లోని ట్రినిటీ క్లబ్ నుంచి తెచ్చుకుంది. మరో ట్రై చేసిన మ్యాట్ హీలీ లెన్‌స్టర్ వద్దనుకున్న కుర్రాడు. ఇద్దరూ లెన్‌స్టర్ ముంగిట్లో ఆడుతూ, లెన్‌స్టర్ కంటికి ఆననివాళ్లు. 2003లోనే జట్టును మూసేసి ఉంటే వీళ్లకు మరో తలుపు ఉండేదా?

ట్రోఫీ గెలిచాక జరిగింది మరీ ముఖ్యం. రాబీ హెన్‌షా లెన్‌స్టర్‌కు వెళ్లాడు. దాడిని నడిపించే ఫ్లైహాఫ్ స్థానంలో ఆడే ఏజే మెగింటీ ఇంగ్లండ్‌లోని సేల్‌కు, ఆలీ మల్డౌనీ ఫ్రాన్స్‌కు వెళ్లిపోయారు. ఏడాది తర్వాత లామ్ కూడా బ్రిస్టల్ దారి పట్టాడు. 2016-17లో ఛాంపియన్ కానాట్ ఎనిమిదో స్థానంలో తేలింది. విజేతలు బద్ధకించారని రాసినవాళ్లున్నారు. వెన్నెముక లాగేసి నిటారుగా నిలబడలేదేమని అడగడమే అది.

అవతలి వాదనలోనూ బలం లేకపోలేదు. చిన్న దేశంలో ఉన్న కొద్దిమంది ఆటగాళ్లను తక్కువ జట్లలో సర్దితే ప్రమాణాలు పెరుగుతాయంటారు. స్కాట్లండ్ 2007లో బోర్డర్స్ జట్టును మూసేసింది, 2015లో గ్లాస్గో లీగ్ గెలిచింది, రుజువు ఇదిగో అంటారు. నిజమే, గ్లాస్గో గెలిచింది. కానీ స్కాట్లండ్‌లో రగ్బీని ఊరూరా సొంత ఆటగా చూసుకునే ప్రాంతం బోర్డర్స్. అక్కడ ఈనాటికీ ఆ స్థాయి జట్టు లేదు. ఆ లోటును ఏ పాయింట్లలో లెక్కగడతారు?

నిజానికి ఫలితాలే కొలమానమైతే వేల్స్‌లో కెల్టిక్ వారియర్స్ మూతపడేదే కాదు. పాంటిప్రిద్, బ్రిడ్జెండ్ పట్టణాల జట్టది. ప్రాంతీయ వ్యవస్థ మొదలైన 2003-04లో లీగ్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఏడాది యూరప్ విజేత అయిన లండన్ వాస్ప్స్‌ను వాళ్ల మైదానంలోనే ఓడించింది. అయినా ఒక్క సీజన్‌కే దాన్ని రద్దు చేశారు. ఓడే జట్టును ఓడుతోందని మూస్తారు. గెలిచే జట్టునైతే డబ్బు లేదని మూస్తారు. రెండు సందర్భాల్లోనూ దెబ్బ పడేది రాజధాని బయట ఉన్నవాళ్ల మీదే. బొగ్గు గనులు పోయిన వేల్స్ లోయల్లో శనివారం మధ్యాహ్నం జనాన్ని ఒకచోట చేర్చేది ఆ ఆటే.

ఈ తర్కం రగ్బీకే పరిమితం కాదు. పిల్లలు తక్కువని టీచర్‌ను తీసేసి, టీచర్ లేక పిల్లలు ఇంకా తగ్గితే బడిని పక్క ఊరి బడిలో కలిపేయడం మనకు తెలియనిదా? బస్సు రూటు రద్దయినా, ఆసుపత్రిలో పడకలు తగ్గినా ఇదే వరస. ముందు అందాల్సింది ఆపేస్తారు, తర్వాత కొలతబద్ద తెస్తారు. వేల్స్ యూనియన్ నిజాయితీగా ఉండాలనుకుంటే నాలుగు జట్ల పాయింట్ల పక్కనే మరో మూడు వరసలు అచ్చువేయాలి. ఏ జట్టుకు ఏ ఏడాది ఎంత ఇచ్చారు, ఆ జట్టు తయారుచేసిన ఆటగాళ్లలో ఎంతమంది వెళ్లిపోయారు, ఎక్కడికి వెళ్లారు. అవి చూశాకే ఎవరిని మూయాలో మాట్లాడాలి.

ఈ మధ్య సీజన్లలో కానాట్ ఏమీ వెలిగిపోలేదు. 2022-23లో ఏడో స్థానంలో ఉండి సెమీఫైనల్ దాకా వెళ్లింది. తర్వాతి ఏడాది పదకొండు. 2024-25లో 16 జట్లలో పదమూడు. 2003 నాటి యూనియన్‌కు ఈ అంకెలు చిక్కి ఉంటే మరుసటి రోజే తాళం పడేది. ఇప్పుడు డబ్లిన్‌లో ఆ మాట ఎత్తేవాళ్లు లేరు. పదమూడో స్థానంలో నిలిచిన ఆ జట్టు కోసమే ప్రభుత్వ నిధులతో గాల్వే మైదానంలో కొత్త స్టాండ్ కట్టారు.