గంటసేపు పనిచేశారా? అయితే మీకు ఉద్యోగం ఉన్నట్టే!

కార్మిక శాఖ ఏమీ చేయడం లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏమీ చేయకుండానే ఏటా అంత లావు నివేదిక వస్తుందా అండీ? తనిఖీల మీద ఏడాదికో నివేదిక వేయాలని చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందానికి మన దేశం 1949లోనే సరేనంది. ఇన్‌స్పెక్టర్ ముందుగా కబురు పెట్టకుండా, పగలైనా రాత్రైనా ఫ్యాక్టరీలోకి వెళ్లొచ్చని కూడా అదే ఒప్పందంలో ఉంది. రెండూ ఒకేసారి అంటే ఎవరికైనా కష్టమే కదా, అందుకని మనవాళ్లు ముందు నివేదిక సంగతి చూసుకుంటున్నారు.

శాఖ వేసే ఆ లావు నివేదికలో నాకు బాగా నచ్చేది ఉద్యోగాల అధ్యాయం. దేశంలో ఎంతమందికి పని ఉందో గణాంకాల శాఖ సర్వే చేస్తుంది, 2025 నుంచైతే నెలనెలా చేస్తోంది. ఆ అంకెల్లో బాగున్నవాటిని కార్మిక మంత్రిత్వ శాఖ కళ్లకద్దుకుని ప్రచారం చేస్తుంది. ఆ సర్వేలో వారం లెక్క అని ఒకటుంది. గడిచిన 7 రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం గంటసేపు పనిచేసి ఉంటే చాలు, మీరు ఉపాధి ఉన్నవాళ్ల ఖాతాలో పడిపోతారు. మిగిలిన 167 గంటలూ మీరేం తిన్నారు, ఎవరి దగ్గర చేబదులు తెచ్చుకున్నారు అని ఎవరూ అడగరు. (ప్రపంచమంతా వాడే కొలతే ఇది, మనవాళ్లు కనిపెట్టిందేమీ కాదు, ఆ పాపం వాళ్లకు అంటగట్టకూడదు.) ఇంటివాళ్ల వ్యాపారంలో జీతం లేకుండా చేయి వేసినా ఉపాధే. బీటెక్ పూర్తిచేసి, నాన్నగారి ఎరువుల కొట్లో బస్తాలు లెక్కపెడుతూ మధ్యమధ్యలో ఫోన్ చూసుకునే కుర్రాడు మీకు తెలిసే ఉంటాడు. జాతీయ లెక్కల ప్రకారం అతను ఉపాధి పొందుతున్న యువకుడు. వాళ్ల నాన్న మాత్రం గణాంకాలు తెలియక రోజూ ‘ఖాళీగా తిరుగుతున్నావ్’ అని తిడుతుంటాడు.

2018 నుంచి పీఎఫ్ లెక్కలు కూడా నెలనెలా బయటికొస్తున్నాయి. ఇన్ని లక్షల మంది కొత్తగా చేరారు అనగానే అన్ని లక్షల ఉద్యోగాలు పుట్టాయని టీవీల్లో చెప్పేస్తారు. పదేళ్లుగా అదే మెషీన్ దగ్గర నిలబడుతున్న మనిషికి ఓనరు ఈ నెల నుంచి పీఎఫ్ కట్టడం మొదలుపెట్టాడనుకోండి, అతనికి కొత్త ఉద్యోగం వచ్చిందన్న శుభవార్త అతనికి తప్ప అందరికీ తెలిసిపోతుంది. జాబ్ మేళాల గురించి నేనేమీ చెప్పను, షామియానా వేసేవాళ్లకు పని దొరుకుతోంది, అది చాలు.

ఇంత పెద్ద మనసుతో లెక్కపెట్టే ప్రభుత్వం భద్రత దగ్గరికి వచ్చేసరికి ఎందుకో పొదుపరి అయిపోతుంది. మార్చి 4న ఏ పారిశ్రామికవాడకైనా వెళ్లి చూడండి. 1966లో జాతీయ భద్రతా మండలి ఏర్పడిన రోజు కాబట్టి ఏటా ఆ తేదీ నుంచి వారం రోజులు భద్రతా వారోత్సవాలు. ఆకుపచ్చ జెండా ఎగరేస్తారు, ప్రతిజ్ఞ చదివిస్తారు, నినాదాల పోటీ పెడతారు. ముందు వరుసలో నిలబడ్డవాళ్ల హెల్మెట్లకు ప్లాస్టిక్ కవరు ఇంకా అంటుకునే ఉంటుంది, ఫొటో అయిపోగానే అవి మళ్లీ స్టోర్‌రూమ్‌కి వెళ్లిపోవాలి కాబట్టి దాన్ని తీయరు. ప్రతిజ్ఞ తెలుగులో, గోడమీద హెచ్చరికలు ఇంగ్లీషులో, రియాక్టర్ దగ్గర ముక్కుకి తువ్వాలు కట్టుకుని పనిచేసేవాళ్లలో సగం మంది ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు. గేటు దగ్గర ‘ప్రమాదం జరగని రోజులు’ అని బోర్డు, పక్కన సుద్దతో అంకె. కాంట్రాక్టు కూలీకి చేయి కాలితే ఆ అంకె చెరపక్కర్లేదు, అతను మేస్త్రీ మనిషే కానీ కంపెనీ మనిషి కాదు కదా!

చట్టం కూడా మారిందండోయ్. 29 కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లుగా కుదించి 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చారు. కరెంటు వాడేచోట 10 మంది పనిచేస్తే ఫ్యాక్టరీ అనేవాళ్లు, ఇప్పుడు 20 మంది ఉండాలి. ఆ ఒక్క సంతకంతో 19 మంది పనిచేసే షెడ్లలో ఫ్యాక్టరీ ప్రమాదాలు ఇక జరగవు, జరిగినా అవి ఫ్యాక్టరీ ప్రమాదాలు కావు. ఇన్‌స్పెక్టర్ పేరు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’ అయింది, అంటే తప్పులు పట్టడం, సాయం చేయడం ఒకే మనిషి పని. ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో కంప్యూటర్ చీటీ తీసి చెబుతుంది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: నిబంధనలు పాటించక మనిషి చనిపోతే పాత చట్టంలో కనీస జరిమానా 25,000 రూపాయలు, కొత్తదాంట్లో 5 లక్షలు. అయితే జైలు పక్కన ‘లేదా జరిమానా’ అనే మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

విశాఖ దగ్గర వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున స్టైరిన్ గ్యాస్ లీకై 12 మంది చనిపోయారు. హైపవర్ కమిటీ వేశారు, అనుబంధాలతో కలిపి దాదాపు 4,000 పేజీల నివేదిక వచ్చింది. నాలుగేళ్లకు, 2024 ఆగస్టు 21న, ఉమ్మడి విశాఖ జిల్లాలోనే అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పేలుడుకు 17 మంది. మళ్లీ కమిటీ. ఏడాది తిరక్కుండానే 2025 జూన్ 30న హైదరాబాద్ దగ్గర పాశమైలారంలో ఇంకో ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా. అక్కడ ఆ షిఫ్టులో లోపల ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకు మొదట్లో ఒకరు చెప్పిన అంకె ఇంకొకరు చెప్పలేదు. ఫొటోలు పట్టుకుని ఇంటివాళ్లు గేటు దగ్గరా ఆసుపత్రి దగ్గరా రోజుల తరబడి నిలబడ్డారు, డీఎన్‌ఏ పరీక్షలు చేశారు, చివరికి 8 మంది ఆనవాళ్లే దొరకలేదు.

వ్యంగ్యం రాస్తూ ఈ పేరా దగ్గర ఆగిపోయాను. దీనికి జోకు కుదరదు.

శాఖకు ఒక మనవి మాత్రం ఉంది. గంట పనిచేసినవాడికి ఉపాధి ఉన్నట్టేనని ఒప్పుకున్న పెద్దమనసు మీది. ఆ గంట నియమాన్నే గేటు లోపల కూడా పెట్టండి. గంటసేపు లోపల పనిచేసిన ప్రతివాడూ, మేస్త్రీ తెచ్చినా ఇంకెవరు తెచ్చినా, ఆ ఫ్యాక్టరీ మనిషేనని మస్టర్‌లో పేరు రాయించండి, ఆ మస్టర్ కాపీ ఒకటి ఫ్యాక్టరీ బయట ఉంచండి, లోపలిది కాలిపోతుంది కాబట్టి. ఖర్చు పెద్దగా ఉండదు, ఒక రిజిస్టరు, ఒక పెన్ను. దానికి కూడా టెండర్ పిలవాలంటారా, పిలవండి, వచ్చే మార్చి వారోత్సవాల్లో ఆవిష్కరించి ఫొటో దిగొచ్చు.