ప్రార్థనాలయాల సద్వినియోగం

పాత కట్టడాన్ని ఎవరు పాడుచేశారన్న ప్రశ్న రాగానే "కాలక్రమేణా శిథిలమైంది" అని ఒక్క వాక్యం రాసి చేతులు కడుక్కోవడం చరిత్రకారుల్లో కొందరికి అలవాటు. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆవిన్యోన్ పట్టణంలో ఉన్న పోపుల ప్రాసాదం గురించి చదివినప్పుడల్లా నాకు ఈ కాలక్రమం అనే పెద్దమనిషే ఎదురవుతాడు. ఆయన ఒంటిమీద యూనిఫాం, చేతిలో చురకత్తి, నెలనెలా సర్కారు జీతం ఉండేవని చెప్పడానికి మాత్రం అందరికీ మొహమాటం.

పోపు 1309లో ఆ ఊరికి వచ్చాడు. పోపు పన్నెండవ బెనెడిక్ట్ 1335లో ప్రాసాదం పనులు మొదలుపెట్టాడు. ఆ తరువాత వచ్చిన పోపు ఆరవ క్లెమెంట్‌కు చేయి పెద్దది. 1348లో నేపుల్స్ రాణి దగ్గర 80,000 ఫ్లోరిన్ల బంగారు నాణేలకు ఊరినే కొనేశాడు. అంతకుముందే, వితెర్బో నుంచి వచ్చిన చిత్రకారుడు మాత్తెయో జొవన్నెత్తి చేత ఒకే బురుజులో కిందా పైనా ఉన్న రెండు చిన్న ప్రార్థనాలయాలకు రంగులు వేయించే పని మొదలుపెట్టాడు. పైది సెయింట్ మార్సియాల్‌ది. కిందిది బాప్తిస్మమిచ్చు యోహానుకూ సువార్తికుడైన యోహానుకూ కలిపి అంకితం. వీటికి తోడు 52 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, దాదాపు 20 మీటర్ల ఎత్తుతో, నడుమ ఒక్క స్తంభమైనా లేకుండా పెద్ద ప్రార్థనాలయం కట్టించి, 1352 నవంబరు 1న అందులో పూజ జరిపి, డిసెంబరు 6న కన్నుమూశాడు. అంత సొమ్ము పోసి అయిదు వారాలు వాడుకున్నాడన్నమాట. వాడకమంటే ఏమిటో ఆయనకు తెలియదు. ఫ్రెంచి సైన్యానికి తెలుసు.

పంతొమ్మిదో శతాబ్దంలో ప్రాసాదం బ్యారక్ అయింది. ఇరవై మీటర్ల ఎత్తు దేవుడికెందుకని పెద్ద ప్రార్థనాలయంలో అంతస్తులు అమర్చి మంచాలు వేశారు. బొమ్మలున్న గోడలకు సున్నం కొట్టారు, అది శుభ్రత.

అసలు ప్రతిభ యోహాను గదిలో బయటపడింది. కుడ్యచిత్రంలో రంగు తడి గచ్చులోకి ఇంకిపోయి ఉంటుంది కాబట్టి బొమ్మ కావాలంటే గచ్చుతో సహా కోయాలి. మొత్తం మనిషిని కోస్తే బరువు, పైగా విరిగిపోతాడు. తలైతే తేలిక, జేబులో పడుతుంది. అందుకని సైనికులు చేతికందినంత మేర తలలు కోసి పాతవస్తువుల కొనుగోలుదారులకు అమ్ముకున్నారు. ఆ బేరం నా కళ్లకు కట్టినట్టే ఉంటుంది. "గడ్డం ఉన్నదానికి ఎక్కువవుతుంది దొరా, చెక్కడం కష్టం." "ముక్కు దగ్గర పెచ్చు ఊడింది కదయ్యా, తగ్గించుకో." "సరే, మూడు తీసుకోండి, ఈ చిన్న దేవదూతను కొసరు ఇస్తాను." బైబిల్లో రాజు తల నరికించి పళ్లెంలో పెట్టించగా ప్రసిద్ధుడైన బాప్తిస్మమిచ్చు యోహాను గదిలోనే ఈ కొట్టు పెట్టడం చూస్తే, ఆ సైనికులకు బైబిలు బాగానే వచ్చనుకోవాలి.

ఇక్కడ నాకు నవ్వు ఆగిపోతుంది. నిప్పు కాదు, వరద కాదు, దండెత్తి వచ్చిన శత్రువు కాదు. ఆ గోడలకు కాపలాగా జీతం తింటున్నవాళ్లు చేసిన పని ఇది. మంచాల వరుసల మధ్య నడిచిన అధికారి కంటికి, నిన్న ముఖమున్న చోట ఇవాళ తెల్లటి గచ్చు కనిపించలేదా? కనిపించింది. కనిపించినా సిగ్గు పుట్టలేదు. 1906 దాకా ఆ సైన్యాన్ని అక్కడ ఉండనిచ్చినవారిని వదిలేసి, కాలాన్ని తిట్టడమంత పిరికితనం ఇంకొకటి లేదు.

ఇప్పుడు ఆ ప్రాసాదం చూడటానికి వెళితే టికెట్టుతోపాటు చేతికొక టాబ్లెట్ ఇస్తున్నారు. కొన్ని గదుల్లో దాన్ని బోసిగోడ వైపు పట్టుకుంటే పద్నాలుగో శతాబ్దపు రంగులు తెరమీద వెలుగుతాయి. మధ్యలో ఏం జరిగిందో చూపే మీట కూడా ఒకటి పెట్టి, కత్తి పట్టిన చేతిని చూపిస్తే, నేను రెండో టికెట్టు కూడా కొంటాను.

అదే ఊళ్లో మరణశిక్ష పడినవారికి తోడుగా నిలిచిన నల్ల ముసుగుల భక్తసంఘంవారి ప్రార్థనాలయం ఉంది. దాని ముఖభాగం మీద, మేఘాల నడుమ దేవదూతలు యోహాను తలను పళ్లెంలో మోస్తుంటారు. అది రాతిపని, వాకిటికి చాలా పైన ఉంది, నిచ్చెన లేనిదే చేయి అందదు. తల ఇంకా పళ్లెంలోనే ఉంది.